ఆలోచిస్తే తెరుచుకునే తలుపు

కరెంటు పోగానే ఫిజిక్సు మేడమ్‌కి మొట్టమొదట వచ్చిన ఆలోచన ‘హమ్మయ్య, ఈసారి ఆట చెడదు’ అని.

చెడదు మరి. కిందటి వారమంతా ఆవిడ కుస్తీ పట్టింది అందుకే. కాలేజీలో విరిగిన బల్లలు పడేసే గదిని బాగుచేయించి, అందులో ఎస్కేప్ రూమ్ పెట్టింది ఆవిడే. తలుపు మీద ‘ఆలోచిస్తే తెరుచుకుంటుంది’ అని నీలం రంగుతో రాయించిందీ ఆవిడే. నలుగురు లోపలికి వెళ్తే వెనక తలుపు పడుతుంది. లోలకం దారం పొడవు సరిచెయ్యాలి, అద్దాలు తిప్పి వెలుగుని గోడ మీదికి పంపాలి, అక్కడ కనపడిన అంకెలతో ఒక పెట్టె తెరవాలి. పెట్టెలో వరసగా ప్లగ్గులుంటాయి. తలుపుని పట్టుకుని ఉన్నది కరెంటుతో పనిచేసే అయస్కాంతం. ఏ ప్లగ్గు పీకితే దానికి కరెంటు ఆగుతుందో కనిపెట్టి పీకితే తలుపు వదులుతుంది. అంతే ఆట. చేతకాకపోతే, భయమేస్తే, గోడకి ఆకుపచ్చ బటనుంది, నొక్కి వచ్చెయ్యొచ్చు.

వారం రోజులూ కాలేజీ పిల్లలకి, ఆదివారం మాత్రం వీధిలోవాళ్ళకి. కూరగాయలమ్మే ఆవిడ, బస్సు కండక్టరు, రిటైరైన గుమస్తాలు, ఎవరైనా రావచ్చు. కూరగాయలావిడ అద్దం తిప్పి, వెలుగు గోడెక్కగానే, “ఓలమ్మో, నా మాట విందే!” అని అరిచిన రోజు మేడమ్ ఇంటికెళ్ళి ఆ మాట మొగుడికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పుస్తకంలో ఉన్నప్పుడు బ్రహ్మరాక్షసిలా కనపడే ఫిజిక్సు చేతిలోకి వచ్చేసరికి పెంపుడు పిల్లిలా మెసులుతుందని ఆవిడ నమ్మకం.

ఒకటే చిక్కు. కరెంటు పోతే అయస్కాంతమూ పోయేది. తలుపు దానంతటదే ఊడి వచ్చేది. “కరెంటు పోయింది, మేం గెలిచాం!” అని పిల్లలు గంతులేస్తూ బయటికి వచ్చేవాళ్ళు. “ఇది గెలుపు కాదర్రా, మీరేం ఆలోచించారని?” అని మేడమ్ వెంటపడి అడిగితే నవ్వేవాళ్ళు. ఆవిడకి ఒళ్ళు మండేది. తన పెళ్ళిలో ఎవరో దీపాలు ఆర్పేసినంత కోపం వచ్చేది. ఆఖరికి ఆ తాళానికి బ్యాటరీ పెట్టించింది. బోర్డు మీద సుద్దముక్కతో సర్క్యూట్ గీసి, ఎలక్ట్రీషియన్‌కి వివరించి, దగ్గరుండి బిగింపించింది. ఆ ఎలక్ట్రీషియన్ ఎవరో కాదు, సొంత మరిది.

ఇదిగో, ఇప్పుడు కరెంటు పోయింది. తలుపు కదల్లేదు. శభాష్ అనుకుంది మేడమ్.

లోపల ఉన్నది వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ, తొమ్మిదో తరగతి చదివే ఆవిడ కూతురు, ఆ పిల్ల స్నేహితురాళ్ళు ఇద్దరు. “నాకు అక్షరమ్ముక్క రాదమ్మా, ఫిజిక్సు ఏం వస్తుంది?” అని టైలరమ్మ గుమ్మం దగ్గరే వెనక్కి తగ్గితే, “కత్తెర పట్టడం వచ్చుగా, అదీ ఫిజిక్సే, వెళ్ళండి” అని మేడమే భుజం మీద చెయ్యేసి లోపలికి పంపింది.

మొదట నవ్వులు వినపడ్డాయి. కెమెరా తెర నల్లబడింది కాబట్టి లోపల ఏం జరుగుతోందో కనపడదు. తర్వాత కూతురి గొంతు: “అమ్మా, బటన్ పనిచెయ్యట్లేదే!”

“గట్టిగా నొక్కవే.”

“నొక్కుతున్నా! రావట్లేదు!”

మేడమ్ తలుపు దగ్గరికి వెళ్ళి, “కంగారు పడకండి, కరెంటు వచ్చేస్తుంది. ఈలోగా తడుముకుంటూ పెట్టె దగ్గరికి రండి. ఆలోచించండి!” అంది. ఆ చీకట్లో గోడ మీద వెలుగు లేకుండా పెట్టె అంకెలు ఎవడికి తెలుస్తాయి? అది ఆవిడకి తట్టలేదు. బటన్ ఎందుకు పనిచెయ్యడం లేదో అదీ తట్టలేదు.

లోపల ఆ పిల్లకి ఊపిరి ఆడటం లేదన్నట్టు ఎగశ్వాస మొదలైంది. చీకటంటే భయమని తల్లికి తెలుసు, మేడమ్‌కి తెలీదు. “అమ్మా, అమ్మా” అన్న అరుపులు విని మేడమ్ పక్క స్టోరు రూము వైపు పరిగెత్తింది. బ్యాటరీ అందులో ఉంది. స్టోరుకి తాళం. తాళంచెవి అటెండరు జేబులో. అటెండరు టీకొట్టు దగ్గర. ఆవిడ కేకలేసుకుంటూ వరండా చివరిదాకా వెళ్ళేసరికి వెనక నుంచి గాజు పగిలిన చప్పుడు వినపడింది.

తలుపులో నల్ల కాగితం అంటించిన పుస్తకమంత అద్దం ఉంది. టైలరమ్మ దాన్ని మోచేత్తో పగలగొట్టి, బయటి గొళ్ళెం అందుతుందేమోనని చెయ్యి పెట్టింది. గొళ్ళెం ఉంటే కదా! ఈలోగా లోపల కూతురు దబ్బున కింద పడితే, గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. గాజుకి దయాదాక్షిణ్యాలు ఏముంటాయి?

అటెండరు తాళంచెవితో వచ్చి, మేడమ్ బ్యాటరీ వైరు పీకి, తలుపు తెరిచేసరికి, టైలరమ్మ నేల మీద కూర్చుని ఎడమచేత్తో నెత్తురోడుతున్న కుడి మణికట్టు పట్టుకుని ఉంది. “పిల్లని చూడండమ్మా ముందు” అంది. పిల్లకి ఏమీ కాలేదు. స్నేహితురాళ్ళు ఇద్దరూ గోడకి అతుక్కుపోయి ఏడుస్తున్నారు.

సోమవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ పిలిపించాడు. బల్ల మీద టీ చల్లారిపోయి మీగడ కట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. తన కాలేజీ మీద ఈగ వాలకుండా చూసుకునే మనిషి, అంతే. ఆ ఈగని తోలే చెయ్యి ఎవరి మూతికి తగులుతుందో చూసుకోడు.

“వైరింగు ఎవరు చేశారమ్మా?”

“మా మరిదండీ. కానీ...”

“అదీ సంగతి!” కుర్చీలో వెనక్కి వాలాడు. “ఇంట్లోవాళ్ళకి పని ఇప్పించడం తప్పని నేననను. కానీ చూసుకోవాలిగా. బటన్ కనెక్షన్ కూడా సరిగ్గా ఇవ్వడం రానివాడికి లైసెన్సు ఎవడిచ్చాడు?”

“సార్, బటన్...”

“మీరు బాధపడకండి. మీ మీదికి రానివ్వను. ఆ టైలరమ్మ ఆసుపత్రి ఖర్చు కాలేజీ పెట్టుకుంటుంది. ఎల్లుండి కాలేజీ కమిటీ సెక్రటరీ వస్తారు, టైలరమ్మ తరపువాళ్ళనీ పిలుద్దాం. ఎలక్ట్రీషియన్ తప్పు అని తేలిపోతే గొడవ వదిలిపోతుంది.”

మేడమ్ నోరు తెరిచింది. బటన్ తప్పు ఎక్కడుందో అప్పటికింకా ఆవిడకే స్పష్టంగా తెలీదు. తెలియని మాట ఏం చెప్పాలి? ఏమో, నిజంగా మరిదే ఎక్కడైనా వైరు తప్పించాడేమో. ఆ ‘ఏమో’ ఆవిడకి ఆ నిమిషాన ఎంత హాయిగా ఉందో! తలూపి బయటికి వచ్చేసింది.

సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. మరిది కొత్తగా కడుతున్న ఆసుపత్రి వైరింగు పనిలో ఉన్నాడు. అంత పెద్ద పని దొరకడం అదే మొదలు. మధ్యాహ్నం మేస్త్రీ ఫోన్ చేసి, “నువ్వు రేపట్నుంచి రాకు బాబూ, లోపల మనుషులుండే కట్టడమిది” అన్నాడట. ఇంటికొచ్చి వరండాలో కూర్చుని, స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచిలో పెడుతున్నాడు. తుడిచినవే మళ్ళీ తీసి తుడుస్తున్నాడు.

“అన్నం తినవా మరిదిగారూ?” అంది మేడమ్, ఎప్పటి వరసలోనే.

“ఆకలి లేదు వదినా.” తలెత్తలేదు. “నేనే ఎక్కడో తారుమారు చేసుంటాను. నువ్వు గీసింది సరిగ్గానే ఉంది. నాకు గుర్తుంది, బోర్డు మీద ఎంత చక్కగా గీశావో. నేనే బిగించేటప్పుడు ఏదో పొరపాటు చేశాను.”

“ఏం పొరపాటు చేశావు?”

“అదే తెలియట్లేదు. పొద్దుట్నుంచీ వైరు వైరూ తల్చుకుంటున్నా. ఎక్కడ తప్పానో దొరకట్లేదు.”

“నేను గీసిందే తప్పేమో?”

పక్కనే పేపరు చదువుతున్న మొగుడు, “ఊరుకో! ఎమ్మెస్సీ గోల్డ్ మెడల్. వీడు పదో తరగతి తప్పాడు. నువ్వు తప్పు గీయడమేంటి, వీడు ఒప్పు పెట్టడమేంటి?” అన్నాడు. తమ్ముడంటే ప్రేమ లేక కాదు. ప్రేమ వేరు, మార్కులు వేరు.

మరిది కూడా చిన్నగా నవ్వాడు. “అదే కదా” అన్నాడు.

మేడమ్ అదే పేపరు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, అంచు మీద పెన్సిలుతో గీయడం మొదలుపెట్టింది. బటన్ నొక్కితే ఒక చిన్న రిలే కదులుతుంది, అది తాళానికి కరెంటు తెంపుతుంది. ఆ రిలే నడిచేది గోడ కరెంటు మీద. మొదట్లో తాళమూ గోడ కరెంటు మీదే ఉండేది కాబట్టి ఏ బాధా లేదు. కరెంటు ఉంటే బటన్ తెరుస్తుంది, పోతే తలుపే తెరుచుకుంటుంది. తర్వాత తాళానికి మాత్రం బ్యాటరీ ఇచ్చింది తను. బటన్‌ని ఎక్కడిదక్కడ వదిలేసింది. అంటే కరెంటు పోగానే తాళం బతికే ఉంటుంది, బటన్ చచ్చిపోతుంది.

పెన్సిలు కింద పెట్టింది. దీనికి గోల్డ్ మెడల్ ఎందుకు, తను పాఠం చెప్పే ఫస్టియర్ పిల్లలు కనిపెడతారు. బ్యాటరీ పెట్టినప్పుడు ఆవిడ కళ్ళముందు ఆట ఒక్కటే ఉంది. గెలుపు ఎలా న్యాయంగా ఉండాలో అన్నీ ఆలోచించింది. లోపల మనుషులుంటారన్నది ఆలోచించలేదు. సింకు పక్కన నిలబడి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళింది. టైలరమ్మ కుడిచేతికి మోచేతి దాకా కట్టు. కట్టులోంచి వేళ్ళ కొనలు మాత్రం బయటికి కనపడుతున్నాయి.

“నరాలు తెగలేదంట, నరాల్లాంటివేవో తెగాయంట” అంది టైలరమ్మ. “కుట్టారు. బొటనవేలూ చూపుడువేలూ కలవవంటున్నారు డాక్టరుగారు. కలిసినా పట్టు ఉండదంట. కత్తెర సంగతి మర్చిపొమ్మన్నారు.”

కూతురు మంచం చివర కూర్చుని, దుప్పటి దారం ఒకటి పట్టుకుని లాగుతోంది. “నేను అరవకపోతే...” అంది.

“నోర్ముయ్” అంది తల్లి, కోపంగా కాదు. “పొద్దుట్నుంచీ ఇదే పాట. నువ్వు పడితే నేను చూస్తూ కూర్చుంటానా?”

“తప్పు పాపది కాదు” అంది మేడమ్. “తప్పు...”

అప్పుడే వీధిలోవాళ్ళు నలుగురైదుగురు పళ్ళసంచులతో వచ్చారు. “ఆ వైరింగు చేసినవాణ్ణి నాలుగు తన్నాలి” అన్నాడు ఒకాయన మంచం దగ్గరికి రాకముందే. ఇంకొకామె మేడమ్‌ని గుర్తుపట్టి, “పాపం, మీరేం చేస్తారు లెండి” అంటూ కుర్చీ జరిపింది. ఆ కుర్చీలో కూర్చోవడం కంటే నిప్పుల మీద కూర్చోవడం నయం. అయినా కూర్చుంది. రేపు మీటింగులో అందరి ముందూ చెప్పేస్తాననుకుంది. ఉద్యోగం పోతే పోయింది. టైలరమ్మకి నిజం తెలియాలి, మరిదికి పని తిరిగి రావాలి. ఆ నిర్ణయం తీసుకున్నాక తప్ప ఆ పూట ముద్ద దిగలేదు.

బుధవారం మీటింగు ప్రిన్సిపాల్ గదిలోనే. కమిటీ సెక్రటరీ తెల్లటి మనిషి, మాట మెత్తన, ఎవరు మాట్లాడుతున్నా తలూపుతాడు. టైలరమ్మ కట్టుతో వచ్చింది, వెంట కూతురు. మరిది తలుపు పక్కన నిలబడ్డాడు. కుర్చీ ఖాళీగానే ఉంది, ఎవరూ కూర్చోమనలేదు.

సెక్రటరీ అతన్ని అడిగాడు: “బాబూ, ఆ తాళం నువ్వేగా పెట్టావు?”

“అవునండీ. తప్పు నాదేనండీ. ఎక్కడ చేశానో తెలియట్లేదు గానీ, నాదే.”

“ఆగండి” అని మేడమ్ లేచింది. “అతనిది కాదు. సర్క్యూట్ నేను గీశాను. తాళానికి బ్యాటరీ ఇచ్చి, బటన్‌కి ఇవ్వకుండా గీశాను. అతను నేను గీసింది గీసినట్టు బిగించాడు. కరెంటు పోయినప్పుడు తలుపు తెరుచుకోకపోతే నేను సంతోషించాను కూడా. లోపల వీళ్ళు అరుస్తుంటే ‘ఆలోచించండి’ అన్నాను.” టైలరమ్మ వైపు తిరిగింది. “మీ చెయ్యి అలా అయింది నావల్ల.”

ప్రిన్సిపాల్ కిటికీ వైపు చూశాడు. సెక్రటరీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“అమ్మా, మీరు చాలా పెద్ద మనసున్నవారు” అన్నాడు చివరికి. “మరిది కోసం ఇంత మాట మీద వేసుకోవడం ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?”

“మీద వేసుకోవడం కాదండీ! నిజం!”

“కూర్చోండి, కూర్చోండి. మీలాంటి చదువుకున్నవాళ్ళు చేసే తప్పు కాదమ్మా ఇది. నాకు సైన్సు తెలీదు గానీ మనుషులు తెలుసు.”

“కావాలంటే ఇప్పుడే గీసి చూపిస్తాను.”

“గీస్తారు, మీకేం. ఏదైనా గీయగలరు” అని ప్రిన్సిపాల్ అందుకున్నాడు. ఆయన గొంతులో ఏదో తొందర ఉంది. అర్థమైనవాడి తొందర. “ఫిజిక్సు డిపార్టుమెంటే తప్పు గీసిందంటే ఇంక ఈ కాలేజీలో పిల్లల్ని ఎవరు చేర్పిస్తారు మేడమ్? భావోద్వేగంలో అన్న మాటలు ఇక్కడితో వదిలేద్దాం.”

మేడమ్ టైలరమ్మనే చూస్తోంది. ఈవిడైనా తిట్టాలి. లేచి చెంప మీద కొట్టినా బాగుండును.

టైలరమ్మ ఎడమచేత్తో మేడమ్ చెయ్యి పట్టుకుంది. “నాకు తెలుసమ్మా. ఇంటి మనిషి కదా, వదులుకోలేరు. మా తమ్ముడైతే నేనూ ఇలాగే అబద్ధం చెబుదును. మీ మీద నాకేం కోపం లేదు.” తర్వాత తలుపు వైపు చూసి, “అతన్ని మాత్రం క్షమించలేను” అంది.

మరిది తల దించుకున్నాడు.

మీటింగు అయిపోయింది. సెక్రటరీ వెళ్తూ వెళ్తూ మేడమ్‌కి నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

మరిది సైకిలు తీస్తుంటే మేడమ్ వెనకాలే వెళ్ళి హ్యాండిలు పట్టుకుంది.

“ఎందుకు వదినా అలా చెప్పావు?” అన్నాడు. “నాకోసం నువ్వు అబద్ధం చెప్పాల్సిన పనేంటి?”

ఆవిడ హ్యాండిలు వదిలేసింది. “నువ్వు కూడానా!”

“మరి నువ్వు తప్పు గీస్తావా?”

“రా” అంది. “నాతో రా.”

అటెండర్ని బతిమాలి ఎస్కేప్ రూమ్ తాళం తీయించింది. పగిలిన అద్దం చోట ప్లైవుడ్ ముక్క మేకులతో కొట్టేశారు. నేల కడిగారు. లోలకం ఎవరో తగిలినట్టున్నారు, దారం చిక్కుపడి ఉంది. “నేను చెప్పగానే మెయిన్ ఆపెయ్. మళ్ళీ పిలిచినప్పుడు వెయ్యి” అని అటెండరుకి చెప్పి, మరిదిని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. అయస్కాంతం టక్కున పట్టుకుంది.

“పెట్టె విప్పు. ఏ వైరు ఎక్కడికి పోతోందో నాకు పైకి చెప్పు.”

అతను మూత విప్పాడు. స్క్రూలు అలవాటు కొద్దీ పెదాల మధ్య పెట్టుకున్నాడు. టెస్టరు ఆనించి, వైరు వెంట వేలు పెట్టి నడిపిస్తూ, “ఇది బ్యాటరీ నుంచి తాళానికి... ఇది బటన్ నుంచి రిలేకి... రిలేకి గోడ కరెంటు...” అని చెబుతూ పోయాడు. ప్రతిదానికీ మేడమ్, “నేను బోర్డు మీద ఎలా గీశాను?” అని అడిగింది. ప్రతిసారీ, “ఇలాగే” అన్నాడు. చివరి వైరు దగ్గర ఆగాడు. మళ్ళీ మొదట్నుంచి వేలు నడిపాడు. ఎక్కడా తేడా లేదు. ఎంత నీటుగా చేశాడు పని! ఒక్క ముడీ వదులు లేదు, ఒక్క వైరూ వంకర లేదు.

“ఆపెయ్!” అని కేకేసింది మేడమ్.

దీపం ఆరిపోయింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. గోడ తడుముకుంటూ అతని చెయ్యి పట్టుకుని బటన్ మీద పెట్టింది. అతను నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తలుపు దగ్గరికి వెళ్ళి భుజంతో తోశాడు. తలుపు కదల్లేదు.

“చూశావా?” అంది. “నువ్వేం తప్పు చెయ్యలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేశావు. తప్పంతా నాది. ఇప్పటికైనా నమ్ముతావా?”

పెదాల మధ్యనున్న స్క్రూలు తీసి అరచేతిలో వేసుకున్న చప్పుడు వినపడింది. ఆ తర్వాత నేల మీద కూర్చున్నట్టున్నాడు, గొంతు కింద నుంచి వచ్చింది.

“నమ్ముతాను వదినా.”

“నేను మళ్ళీ వెళ్తాను. ఆ మేస్త్రీ దగ్గరికి వెళ్తాను, ఆవిడ ఇంటికి వెళ్తాను. ఇలాగే గదిలోకి తీసుకొచ్చి చూపిస్తాను.”

“ఎవరొస్తారు?” అన్నాడు. “వచ్చినా ఏం నమ్ముతారు? నేనే నమ్మలేదు.”

మేడమ్ ఏడుస్తోందని అతనికి తెలిసింది. ఊరుకోమనలేదు. మెల్లిగా మాట్లాడాడు, ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు.

“ఎక్కడో తప్పు చేశాననుకున్నప్పుడు ఒకటి ఉండేది వదినా. ఆ తప్పేదో దొరికితే చాలు, మళ్ళీ జన్మలో చెయ్యకూడదు, అప్పుడు మెల్లిగా ఎవరో ఒకరు పిలుస్తారు అనుకున్నాను. ఇప్పుడు నా పనిలో తప్పే లేదంటున్నావు. మరి ఇంక నేను ఏం దిద్దుకోవాలి?”

బయట నుంచి అటెండరు తలుపు కొట్టాడు. “మేడమ్, కరెంటు వెయ్యమంటారా?”

అటెండరు మళ్ళీ కొట్టాడు.